ఉపకార వేతనము: సకాలమున అందవలసిన హక్కు

ప్రతి సంవత్సరము జూన్, జూలై మాసములలో కళాశాల కార్యాలయము ఎదుట రెండు వరుసలు కనబడును. ఒకటి క్రొత్తగా చేరవచ్చిన వారి వరుస. చేతిలో మార్కుల పత్రములు, ప్రక్కన తండ్రియో, అన్నయో, తల్లియో. వారి ముఖములలో కొంత బెదురు ఉన్నను సంతోషమే ఎక్కువ. రెండవది చదువు ముగించుకొని పోవుచున్నవారి వరుస. వీరు పరీక్షలలో ఉత్తీర్ణులైనవారు, నిజమునకు మొదటివారికంటె ఎక్కువ సంతోషముతో ఉండవలసినవారు. కాని తలలు వంగియుండునది ఈ రెండవ వరుసలోనే. ఏలనగా, "మీ ఫీజు ప్రభుత్వము నుండి ఇంకను రాలేదు, అది కట్టిన గాని టి.సి. ఇచ్చుటకు వీలుపడదు" అను మాట ఆ వరుస చివరనున్న కిటికీవద్ద వినవలసివచ్చును. ఇది ఒక్క కళాశాల మాట కాదు. పెక్కు ప్రైవేటు కళాశాలలలో మన ఈడు పిల్లలు ఏటేట వినుచున్న మాటయే.

ఈ రెండు వరుసల నడుమ మూడేండ్ల దూరము మాత్రమే కలదు. మొదటి వరుసలో "ఫీజును గూర్చి మీరు చింతించవలదు, సర్కారు ఇచ్చును" అని విన్న విద్యార్థియే రెండవ వరుసలో "సర్కారు ఈయలేదు, మీరు కట్టుడు" అని ఏల వినవలసివచ్చినది? ఈ సంచిక సంపాదక వర్గములోని మేము కూడ ఉపకార వేతనముపై ఆధారపడి చదువుకొనుచున్న విద్యార్థులమే. కనుక ఈ ప్రశ్నను గూర్చి మా తోటివారికిని, పాలక సంఘ పెద్దలకును కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఉపకార వేతనము అను తెలుగు పదములో రెండు వేరువేరు భావములు ఇమిడియున్నవి. ఉపకారము దయతో చేయునది, చేయకున్న అడుగరాదు. వేతనము శ్రమకు లభించునది, ఈయకున్న అడుగక తప్పదు. మన సమాజము ఈ జంట పదములో మొదటి సగమునే జ్ఞాపకముంచుకొన్నది. ఉర్దూలో దీనిని వజీఫా అందురు. ఆ మాటకు మన హైదరాబాదులో మరి రెండు అర్థములు కూడ కలవు. ఉద్యోగ విరమణ చేసినవారికి నెలనెల వచ్చు పింఛను వజీఫా. పేరు ప్రక్కన "వజీఫాయాబ్" అని వ్రాసుకొను పెద్దలను మన తాతల తరమువారు బాగుగ ఎరుగుదురు. భక్తులు ప్రతిదినము నియమముతో పఠించు వాక్యములకు కూడ వజీఫా అనియే పేరు. ఈ మూడింటిలోను సామాన్యముగా ఉన్న గుణము ఒక్కటియే. అది క్రమము తప్పకుండుట. నెల తప్పిన పింఛను పింఛను కాదు. దినము తప్పిన పఠనము నియమము కాదు. అట్లే కాలము తప్పిన వజీఫా వజీఫా కాజాలదు.

చరిత్రను చూచిన ఈ సంగతి మరింత స్పష్టమగును. పూర్వము చదువుకు సహాయము రాజుల అనుగ్రహముపై ఆధారపడియుండెడిది. మన నగరమున జన్మించిన సరోజినీ నాయుడు 1895లో ఉన్నత విద్యకై ఇంగ్లండు వెళ్ళినది నిజాము ప్రభువు ఒసగిన వేతనముతోనే. 1913లో డాక్టరు అంబేడ్కర్ బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడు ఇచ్చిన ఉపకార వేతనముతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరినారు. ఈ రెండు సంగతులు మనకు గర్వకారణములు. కాని అంబేడ్కర్ జీవితములోని తరువాతి ఘట్టమును కూడ మనము మరువరాదు. అమెరికా నుండి లండను వెళ్ళి అక్కడ చదువుచుండగా ఆ వేతనపు గడువు ముగిసినది. 1917లో చదువు మధ్యలోనే ఆయన స్వదేశమునకు తిరిగిరావలసివచ్చినది. ఉద్యోగము చేసి కూడబెట్టిన ధనముతోను, మిత్రులు, శ్రేయోభిలాషులు ఇచ్చిన సహాయముతోను 1920లో మరల లండను చేరి ఆ చదువు పూర్తిచేసినారు. అంతటి మేధావికే వేతనము ఆగినందువలన మూడు సంవత్సరములు వ్యర్థమైనవి. ఆయన తిరిగి వెళ్ళగలిగినారు. ఆగిన చోటనే ఆగిపోయిన వారి పేర్లను చరిత్ర వ్రాసియుంచలేదు.

రాజుల అనుగ్రహము ప్రజల హక్కుగా మారుటకు చాలకాలము పట్టినది. 1944లో, ఇంకను పరాయి పాలన ఉన్న దినములలోనే, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనముల పథకము ఆరంభమైనది. ఆనాడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ సభ్యులుగా ఉండిరి. తరువాత షెడ్యూల్డు తెగలకును, ఇతర వెనుకబడిన వర్గములకును ఇట్టి సహాయము విస్తరించినది. రాజ్యాంగపు 41వ అధికరణము తన ఆర్థిక శక్తి మేరకు విద్యాహక్కును కల్పింపవలెనని ప్రభుత్వమును ఆదేశించుచున్నది. 46వ అధికరణము బలహీన వర్గముల విద్యాభివృద్ధిని ప్రత్యేక శ్రద్ధతో పోషింపవలెనని చెప్పుచున్నది. 30వ అధికరణమునందలి రెండవ నిబంధన ప్రకారము, సహాయధనము ఇచ్చునపుడు అల్పసంఖ్యాకుల యాజమాన్యములోనిదను కారణముచే ఏ విద్యాసంస్థపైనను వివక్ష చూపరాదు. 2006 నవంబరులో న్యాయమూర్తి రాజిందర్ సచార్ సంఘము నివేదిక వెలువడిన పిదప, అల్పసంఖ్యాక వర్గముల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక ఉపకార వేతనములను ఏర్పరచినది. 2008-09 విద్యాసంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫీజు రీయింబర్సుమెంటు పథకమును వెనుకబడిన తరగతులకును, అల్పసంఖ్యాకులకును విస్తృతముగ వర్తింపజేసినది.

ఈ పథకము చేసిన మేలును తక్కువగా చెప్పుట అన్యాయమగును. మా తరగతులలో ప్రక్కప్రక్కన కూర్చున్నవారిలో ఎందరో తమ ఇంటిలో కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. ఆటో నడుపువారి కుమారులు, దర్జీల కుమార్తెలు, గాజుల దుకాణములలో పనిచేయువారి తమ్ములు, కూలి పనికై పాలమూరు నుండి నగరమునకు వచ్చి స్థిరపడినవారి పిల్లలు ఒకే బల్లపై కూర్చుండి ఒకే పాఠము వినుచున్నారు. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారును, తెలుగు మాధ్యమము నుండి వచ్చినవారును ఆంగ్లమున వ్రాసిన అర్థశాస్త్ర గ్రంథమును ఒకరికొకరు చదివి చెప్పుకొనుచున్నారు. ఈ పథకమే లేనిచో వీరిలో పలువురు ఇంటర్మీడియట్‌తోనే చదువు చాలించియుందురు. ఇచ్చిన చేతిని మేము నిందించుటలేదు. ఇచ్చుచున్న విధానమును గూర్చియే మా మనవి.

లోపము పథకపు పేరులోనే బయటపడుచున్నది. రీయింబర్సుమెంటు అనగా ముందు ఖర్చుపెట్టినవానికి తరువాత తిరిగి చెల్లించుట. అనగా ఎవరో ఒకరు ముందుగా ఖర్చుపెట్టి తీరవలెను. పథకపు ఉద్దేశము ప్రకారము ఆ ఒకరు కళాశాల. కళాశాల సంవత్సరము పొడవునా పాఠము చెప్పును. ప్రభుత్వము బోధన రుసుమును కళాశాల ఖాతాలో వేయును. విద్యార్థి నిర్వహణ ఖర్చులకై ఇచ్చు స్వల్ప మొత్తమును విద్యార్థి ఖాతాలో వేయును. కాగితముపై ఇది చక్కగనే ఉన్నది. కాని ప్రభుత్వము వేయవలసిన ధనము ఒక సంవత్సరము, రెండు సంవత్సరములు ఆలస్యమైనపుడు ఆ భారము ఎవరిపై పడును?

మొదట కళాశాలపై పడును. దీనిని మేము కాదనము. మాకు పాఠములు చెప్పు అధ్యాపకుల జీతములు, విద్యుచ్ఛక్తి చార్జీలు, ప్రయోగశాల ఖర్చులు ఆ ధనము నుండియే రావలసియున్నది. తెలంగాణలో 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు బకాయిల కొరకు తలుపులు మూసివేసినవి. 2025 నవంబరులో వృత్తి విద్యా కళాశాలలు కూడ అదే కారణముచే మూతబడినవి. ఆ దినములలో తరగతులు లేక గేటు బయట నిలుచున్నది విద్యార్థులే అయినను, లోపల జీతము లేక కూర్చున్న అధ్యాపకులను గూర్చి కూడ మేము ఆలోచించితిమి. నెలల తరబడి జీతము అందని గురువు తన దిగులును ఇంటివద్ద విడిచి తరగతికి రావలెననుట సులభము కాదు.

తరువాత ఆ భారము కళాశాల భుజము నుండి జారి విద్యార్థి నెత్తిపై పడును. కళాశాలకు ప్రభుత్వముపై అధికారము లేదు. విద్యార్థిపై కలదు. ఆ అధికారపు పేరు ధ్రువపత్రము. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడను సామెత ఇచ్చట కొంచెము మారినది. ఇచ్చట దేవుడు ఆలస్యము చేయును, పూజారి భక్తుని పట్టుకొనును.

మేమెరిగిన ఒక సోదరి కథ చెప్పెదము. ఆమె చదివినది మరియొక కళాశాలలో, ఆ కళాశాల పేరు ఇచ్చట అవసరము లేదు. తండ్రి దర్జీ. ఆమె బి.కాం. మొదటి శ్రేణిలో ముగించి, ప్రవేశ పరీక్ష వ్రాసి, పై చదువుకు సీటు సంపాదించినది. ధ్రువపత్రములు చూపవలసిన గడువు నాలుగు దినములు. కళాశాలకు పోగా రెండు సంవత్సరముల రుసుము ప్రభుత్వము నుండి రావలసియున్నదనియు, 24,000 రూపాయలు కట్టిన పత్రములు ఇచ్చెదమనియు, ప్రభుత్వ ధనము వచ్చినపుడు తిరిగి ఇచ్చెదమనియు చెప్పిరి. తల్లి తన కమ్మలు, ఒక గొలుసు కుదువబెట్టినది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. సీటు దక్కినది. పదునొకండు నెలల తరువాత ప్రభుత్వ ధనము వచ్చినది. కళాశాలవారు మాట తప్పక 24,000 రూపాయలు తిరిగి ఇచ్చిరి. కాని కమ్మలు విడిపించుకొనుటకు పోగా వడ్డీ 5,280 రూపాయలైనది.

ఈ కథలో దుర్మార్గులెవ్వరును లేరు. ప్రభుత్వము ఇచ్చితిననును, అది నిజము. కళాశాల తిరిగి ఇచ్చితిమనును, అదియు నిజమే. లెక్కల పుస్తకములన్నియు సరిగనే ఉన్నవి. కాని ఉచిత విద్య అని పేరుగల చదువుకు ఒక దర్జీ కుటుంబము 5,280 రూపాయలు చెల్లించినది. అది ఏ పుస్తకములోను కనబడదు. ప్రభుత్వము తీసుకొన్న గడువునకు వడ్డీ కట్టినది ఆ తల్లి. ఉర్దూలో "దేర్ ఆయద్, దురుస్త్ ఆయద్" అను సామెత కలదు, ఆలస్యముగ వచ్చినను సరిగ వచ్చినదని దాని భావము. ఇతర విషయములందు అది నిజము కావచ్చును. ఉపకార వేతనము విషయమున ఆలస్యముగ వచ్చినది సరిగ వచ్చినది కాదు. పేదవానికి కాలము కూడ ఒక ఖర్చే.

ధనమును ఎవరి చేతికి ఇచ్చినచో బాగుండునని కొందరు వాదింతురు. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆరంభమైన విద్యాదీవెన పథకమున రుసుమును తల్లుల ఖాతాలలో వేసిరి. వసతిదీవెన పేర భోజన వసతులకై ఐ.టి.ఐ. వారికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ, ఆపై చదువుల వారికి 20,000 రూపాయలు సంవత్సరమునకు నిర్ణయించిరి. తల్లికి బిడ్డ చదువుపై అధికారము కల్పించుట మెచ్చదగినదే. తెలంగాణలో రుసుమును కళాశాలకే పంపు పద్ధతి నడచినది. రెండు మార్గములకును మంచిచెడ్డలు కలవు. కాని ధనము బయలుదేరుటయే ఆలస్యమైనపుడు అది ఏ దారిన వచ్చినను ఆలస్యమే. దారిని గూర్చిన చర్చలో బయలుదేరు వేళను మరచుట తగదు.

రెండవ చిక్కు అర్హతను గూర్చినది. తెలంగాణలో వెనుకబడిన తరగతులకును, అల్పసంఖ్యాకులకును కుటుంబ ఆదాయము గ్రామములలో సంవత్సరమునకు 1,50,000, పట్టణములలో 2,00,000 రూపాయలు మించరాదను నియమము ఏండ్ల తరబడి అమలైనది. పట్టణపు లెక్కను నెలకు విభజించిన 16,666 రూపాయలు. తండ్రి ఆటో నడిపి, తల్లి కుట్టుమిషనుపై పనిచేసి, అన్న దుకాణమున గుమాస్తాగా ఉన్న ఇంటిలో ముగ్గురి సంపాదన కలిపిన ఆ గీతను దాటుట వింత కాదు. ఇంటి అద్దె, బియ్యము, మందులు పోగా ఆ ఇంటివారిని ధనవంతులని ఎవరైన అనగలరా? గీతకు ఇవతల ఉన్నవానికి రుసుమంతయు లభించును. ఒక్క రూపాయి అవతల ఉన్నవానికి ఏమియు లేదు. ధరలు పెరిగినను గీత కదలకున్నచో, నిజము చెప్పిన తండ్రి నష్టపోవును. తగ్గించి వ్రాయించుకొన్న తండ్రి లాభపడును. పిల్లవాని కళాశాల జీవితము ఒక అబద్ధముతో ఆరంభమగును. పౌరులను అబద్ధమునకు పురికొల్పు నియమమును సవరించుట ప్రభుత్వపు ధర్మము.

రుసుము పరిమితి కూడ అట్టిదే. 2012లో ఇంజనీరింగు విద్యకు ఒక నిబంధన వచ్చినది. వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు మొదలగు వర్గములలో ఎంసెట్టునందు పదివేలలోపు ర్యాంకు వచ్చినవారికి పూర్తి రుసుము, తక్కినవారిలో అధికులకు 35,000 రూపాయలకు మించకుండ చెల్లింతురు. ఆ తరువాత కళాశాలల రుసుములు పలుమార్లు పెరిగినవి. ఆ అంకెకును కళాశాల రుసుముకును నడుమనున్న తేడా తల్లిదండ్రుల అప్పుగా మారినది.

ఇక కాగితముల మాట. ఈపాస్ ద్వారా దరఖాస్తు చేయుటకు ఆదాయ పత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా, పదవ తరగతి మెమో కావలెను. వీటన్నింటిలోను పేరు ఒకే విధముగ ఉండవలెను. మన విద్యార్థులకు ఇచ్చట వచ్చు కష్టము అందరికిని తెలిసినదే. మొహమ్మద్ అను పేరును ఆంగ్లమున ఒకరు పూర్తిగ వ్రాయుదురు, ఒకరు రెండక్షరములతో ముగింతురు, మరియొకరు నాలుగక్షరములు వ్రాయుదురు. షేక్, సయ్యద్ అను పేర్లదియు అదే స్థితి. పలుకుటకు ఒక్కటే, వ్రాయుటకు నాలుగు. తెలుగు ఇండ్లలో ఇంటిపేరు ముందు వచ్చుటయు, వెనుక వచ్చుటయు ఇట్టి చిక్కునే తెచ్చును. ఎప్పుడో బడిలో చేర్చుకొన్న గుమాస్తా వ్రాసిన ఒక్క అక్షరము పదునైదేండ్ల తరువాత ఒకని ఉపకార వేతనమును నిలిపివేయును. ఆ విద్యార్థి మీసేవ కేంద్రమునకు, బ్యాంకునకు, తహసీలు కార్యాలయమునకు తిరుగును. తిరిగిన దినములలో తరగతికి గైర్హాజరగును. పథకము నియమించిన నూటికి డెబ్బదియైదు హాజరు అట్లు తగ్గిపోవును.

ఉపకార వేతనములను వ్యతిరేకించువారి వాదములను కూడ మనము వినవలెను. ఉచితముగ వచ్చినదానికి విలువ ఉండదని కొందరందురు. కాని ఈ చదువు ఉచితము కాదు. పదునెనిమిదేండ్ల కుమారుని పనికి పంపక కళాశాలకు పంపిన ఇంటివారు అతని కూలిని ప్రతిదినము వదలుకొనుచున్నారు. అది వారు కట్టుచున్న రుసుము. మోసములు జరుగుచున్నవని మరికొందరందురు. ఇది నిజము, దీనిని దాచరాదు. 2023లో కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారముల శాఖ దేశమున 1,572 విద్యాసంస్థలను పరిశీలింపగా 830 సంస్థలలో బూటకపు లబ్ధిదారులు తేలిరి. నష్టము 144.83 కోట్ల రూపాయలని లెక్కవేసి సి.బి.ఐ.కి అప్పగించిరి. అల్పసంఖ్యాకుల పేర, అల్పసంఖ్యాకుల పిల్లల నోటిముందరి ముద్దను కాజేసిన ఆ పనికి మనమందరమును సిగ్గుపడవలెను. కాని బియ్యములో రాళ్ళున్నవని అన్నము వండుట మానుకొందుమా? ఏరి పారవేసెదము. మోసగించిన సంస్థను శిక్షింపవలెను. దాని కారణముగ నిజమైన విద్యార్థికి ఈయవలసినది ఆపరాదు. 2009లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2022-23 నుండి నిలిచిపోయినది. ఇతర పథకములతో కలిసిపోవుచున్నదని ప్రభుత్వము కారణము చెప్పినది. పరిశోధన చేయదలచిన మన అక్కలకు, అన్నలకు ఒక ద్వారము మూతబడినదనుట మాత్రము నిజము.

విమర్శించి ఊరకుండుట మా ఉద్దేశము కాదు. చేయదగిన పనులు కలవు.

ప్రభుత్వమునకు మా మనవి ఒక్కటి. బోధన రుసుమును విద్యాసంవత్సరము ముగియకముందే చెల్లించు తేదీని నిర్ణయించి, ఉద్యోగుల జీతములవలె, వజీఫాయాబ్‌ల పింఛనువలె దానిని తప్పనిసరి ఖర్చుగా పరిగణింపవలెను. తప్పినచో ఆలస్యమునకు వడ్డీ తానే భరింపవలెను. విద్యుచ్ఛక్తి బిల్లు ఒక్క దినము ఆలస్యమైన మన వద్ద అపరాధ రుసుము వసూలు చేయుచుండగా, ఈ కోరిక అతిశయము కాదు.

పాలక సంఘ పెద్దలకు మా మనవులు మూడు. మొదటిది, ప్రభుత్వ బకాయి పేర ఏ విద్యార్థి టి.సి.ని, మెమోలను నిలుపవలదు. అసలు ధ్రువపత్రములను సంస్థలు అట్టిపెట్టుకొనరాదని యు.జి.సి. 2018 అక్టోబరులోనే ప్రకటించినది. విద్యార్థి దరఖాస్తు పెట్టి, వేలిముద్ర వేసి, పరిశీలన పూర్తియైన పిదప ఆ రుసుము కళాశాలకును ప్రభుత్వమునకును నడుమనున్న లెక్క. ఒక హామీపత్రము వ్రాయించుకొని పత్రములు ఇచ్చుట న్యాయము. దీనివలన కళాశాలకు ఇబ్బంది కలుగునని మాకు తెలియును. కాని ఇబ్బందిని మోయగలవారిలో విద్యార్థి అందరికంటె చిన్నవాడు.

రెండవది, చేరిన మొదటి నెలలోనే ప్రతి విద్యార్థి పత్రములలోని పేర్లను సరిచూచుటకు కార్యాలయమున ఒక బల్ల, ఒక గుమాస్తా, ఉర్దూ తెలుగు రెండును తెలిసిన ఇద్దరు పెద్ద తరగతి విద్యార్థులు ఉండునట్లు ఏర్పాటు చేయవలెను. ఈ సేవకు మాలో కొందరము ఇప్పుడే సిద్ధముగ ఉన్నాము.

మూడవది, కళాశాలలో ఒక ఖర్జె హసనా నిధిని నెలకొల్పవలెను. వడ్డీ లేని అప్పు మన ఇండ్లలో క్రొత్త మాట కాదు. నూరుగురు పూర్వ విద్యార్థులు తలకు వేయి రూపాయలిచ్చిన ఒక లక్ష రూపాయలగును. ఇది పెద్ద మొత్తము కాదు. బకాయిలన్నియు తీర్చదు. కాని పరీక్ష రుసుముకు, బస్సు పాసుకు, హాస్టలు భోజనపు ఖర్చుకు రెండేసి వేల చొప్పున ఒకేసారి ఏబదిమందిని ఆదుకొనును. వేతనము వచ్చినపుడు వారు తిరిగి కట్టిన, మరుసటి సంవత్సరము మరియొక ఏబదిమందికి అందును. కుదువ దుకాణపు గడప త్రొక్కవలసిన తల్లులలో కొందరైనను ఇంటివద్దనే ఉందురు.

తోటి విద్యార్థులకు కూడ చెప్పవలసినది కలదు. మనము హక్కు అని పలుకునపుడు దానితోపాటు బాధ్యత కూడ వచ్చును. రెన్యూవలు గడువును చివరి దినము వరకు త్రోసివేయవలదు. హాజరు తగ్గనీయవలదు. అర్హత లేకున్న దరఖాస్తు పెట్టవలదు. మనకు అర్హత లేక తీసుకొన్న ప్రతి రూపాయి మన ప్రక్క బల్లపై కూర్చున్నవానిదే. రేపు ఉద్యోగము వచ్చిన తరువాత, నిధికి మొదటి జీతము నుండి కొంత పంపుట మరువవలదు. మనకు అందిన ధనము ఏ రాజుదియు కాదు. కొన్న వస్తువులపై పన్ను కట్టుచున్న మన తల్లిదండ్రులవంటి ప్రజలదే. అందువలననే అది భిక్ష కాదు. అందువలననే దానిని వృథాచేయుటకు మనకు అధికారము లేదు.

కొన్ని మాసములలో మరల జూన్ వచ్చును. కార్యాలయము ఎదుట మరల రెండు వరుసలు నిలుచును. మొదటి వరుసలో నిలుచు చెల్లెండ్రకు, తమ్ములకు మన కళాశాల ఇచ్చు మాట, మూడేండ్ల తరువాత రెండవ వరుసలో కూడ నిలుపుకొనగల మాటయై ఉండవలెను. ప్రభుత్వము ఎప్పుడు మారునో మా చేతిలో లేదు. ఆ కిటికీ మాత్రము మన కళాశాలదే. ఈ సంవత్సరము అక్కడికి వచ్చిన విద్యార్థి తన పత్రములతో తలయెత్తుకొని తిరిగి వెళ్ళునట్లు చేయుటకు ఏ జి.వో. కొరకును వేచియుండ పనిలేదు. పాలక సంఘము వచ్చు సమావేశమున ఈ విషయమును చర్చింపవలెనని విద్యార్థులందరి పక్షమున కోరుచున్నాము.